పెద్దవాళ్ళకి ఆసుపత్రిలో యూరిన్ ఇన్ఫెక్షన్ అంటే: రిపోర్ట్ ఒక్కటే చూసి కంగారు పడకండి, పైపు సంగతి మాత్రం రోజూ అడగండి

తమ్ముడూ, మీరు రాసిందంతా నిదానంగా చదివేను. మామ్మగారికి 78 ఏళ్ళు, షుగరు బీపీ రెండూ ఉన్నాయి, పెరట్లో కాలుజారి పడితే తుంటి ఎముక విరిగింది, రాజోలు నుంచి తీసుకొచ్చి ఆపరేషన్ చేయించేరు, అది బానే అయ్యింది, కానీ నాలుగో రోజు రాత్రి నుంచి మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, పోయిన తాతగారికి అన్నం వడ్డించమని మీ అమ్మగారిని కేకలేస్తున్నారు. జ్వరం లేదు. యూరిన్ టెస్టులో పస్ సెల్స్ (చీము కణాలు) నిండా ఉన్నాయి, కల్చర్‌లో, అంటే యూరిన్‌లోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే టెస్టులో, ఈ.కోలై అనే బాక్టీరియా వచ్చింది, పెద్ద యాంటీబయాటిక్ మొదలెడతాం అంటున్నారు, ఆపరేషన్ రోజు వేసిన యూరిన్ పైపు ఇంకా అలాగే ఉంది, దాంతోనే ఇంటికి పంపిస్తారేమో అని మీ భయం. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, పక్కన ఉన్నది అమ్మగారు ఒక్కరే. ఇది ఆసుపత్రి వల్ల వచ్చిందా, మామ్మ మళ్ళీ మామూలు మనిషి అవుతారా, ఇంటికెళ్ళేక ఏం చెయ్యాలి, ఇవీ మీరు అడిగినవి.

నేను డాక్టర్ని కాదండి. కోనసీమలోనూ కాకినాడలోనూ మెడికల్ వార్డుల్లో సిస్టర్‌గా చేసి, ఇప్పుడు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేస్తున్నాను. అంటే ఏ బెడ్ మీద ఎవరికి ఏ పైపు ఎన్నాళ్ళనించి ఉంది, ఎవరికి ఇన్ఫెక్షన్ వచ్చింది, కల్చర్‌లో ఏ క్రిమి వచ్చింది, ఈ లెక్కలన్నీ చూసే పని నాది. మందు ఇవ్వడం ఆపడం డాక్టర్ గారి నిర్ణయం, రేపు రౌండ్స్‌లో ఆయన్ని ఏమడగాలో మాత్రం నేను చెప్పగలను. వీలైతే ఇది అమ్మగారికి ఫోన్‌లో చదివి వినిపించండి.

అసలు విషయం ఏంటంటే, యూరిన్‌లో బాక్టీరియా ఉండటం వేరు, యూరిన్ ఇన్ఫెక్షన్ అనే జబ్బు వేరు. వయసులో ఉన్నవాళ్ళకి బాక్టీరియా వచ్చిందంటే మంట, మాటిమాటికీ వెళ్ళడం లాంటివి కూడా చాలావరకు ఉంటాయి గానీ పెద్దవాళ్ళలో అలా కాదు. వృద్ధాశ్రమాల్లాంటి చోట ఉండే, ఏ బాధా లేని ఆడవాళ్ళకి టెస్ట్ చేస్తే నూటికి 25 నుంచి 50 మందికి, మగవాళ్ళలో 15 నుంచి 40 మందికి బాక్టీరియా కనపడతది, వాళ్ళు హాయిగానే ఉంటారు. అలాంటివాళ్ళకి మందులిచ్చి చూసేరు కూడా. కెనడాలో లిండ్సే నికోల్ అనే డాక్టరమ్మ 1980ల్లోనే ఇలాంటి పెద్దవాళ్ళ మీద స్టడీలు చేసేరు, యాంటీబయాటిక్ ఇస్తే కొన్నాళ్ళు బాక్టీరియా పోయి మళ్ళీ వచ్చేసింది, మందు వల్ల మనుషులకి ఒరిగిందేమీ లేదు, పైగా సైడ్ ఎఫెక్టులూ మందుకి లొంగని క్రిములూ మిగిలేయి. 2005లోనూ మళ్ళీ 2019లోనూ అమెరికా అంటువ్యాధుల డాక్టర్ల సంఘం ఇచ్చిన గైడ్‌లైన్ రాసినవాళ్ళలో ముందు పేరు ఆవిడదే. బాధలేమీ లేకుండా ఉత్తినే బాక్టీరియా ఉంటే గర్భిణీలకీ, మూత్రనాళంలో రక్తం వచ్చేలాంటి ఆపరేషన్ చెయ్యబోయే వాళ్ళకీ తప్ప సాధారణంగా మందు ఇవ్వొద్దు, షుగర్ ఉన్నా సరే అని అందులో చెప్పేరు. ఎముక డాక్టర్లకి లోపల వేసిన రాడ్డుకి ఏమన్నా పాకుతదేమోనని భయం ఉంటది, ఆ భయం నాకు అర్థమవుద్ది, కానీ ఇలాంటి ఆపరేషన్లకి వెళ్ళేవాళ్ళకి కూడా యూరిన్ బాక్టీరియా కోసం విడిగా వెతికి మందివ్వమని ఆ గైడ్‌లైన్ చెప్పదు.

పస్ సెల్స్ నిండా ఉన్నాయి అన్నారు కదా, యూరిన్ పైపు ఉన్న మనిషికి పస్ సెల్స్ రావడం మామూలే. లోపల ఒక రబ్బరు పైపు రోజుల తరబడి రాసుకుంటూ ఉంటే ఆ వాపుకే తెల్లకణాలు వచ్చేస్తాయి, దాన్ని బట్టి ఇన్ఫెక్షన్ ఉందని చెప్పలేం. పస్ సెల్స్ అస్సలు లేకపోతే మాత్రం ఇన్ఫెక్షన్ కాదేమోలే అనుకోవచ్చు. అలాగే బ్యాగులో యూరిన్ మురికిగా ఉందనీ వాసనొస్తుందనీ అటెండెంట్లు పరిగెత్తుకొస్తారు, నీళ్ళు తక్కువ తాగినా అలాగే ఉంటది, బ్యాగులో గంటల తరబడి నిలవున్నా వాసనొస్తది. వాసన చూసి మందు మొదలెట్టకూడదు.

మరి మామ్మగారు అలా ఎందుకు మాట్లాడుతున్నారూ అంటారా. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు, మన ఇళ్ళల్లో సంధి మాటలు అంటాం. తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళలో చాలా ఎక్కువగా చూస్తాం, నిన్నటిదాకా పొలం లెక్కలు నోటితో చెప్పిన మనిషి ఇవాళ కొడుకుని ఎవరు బాబూ నువ్వు అంటారు. యూరిన్ ఇన్ఫెక్షన్ దీనికి ఒక కారణం అవ్వొచ్చు, నిజమే, కానీ ఆ రిపోర్ట్ చేతికి రాగానే అందరూ దాన్నే పట్టుకుని మిగతావి వెతకడం మానేస్తారు, నాకు బాధేసేది అక్కడే. మిగతావి ఎన్ని ఉన్నాయో చూడండి. నొప్పి సరిగ్గా తగ్గలేదేమో. నొప్పికి ఇచ్చిన ట్రమడాల్ పడలేదేమో. నిద్ర పట్టడానికని రాత్రి ఏదన్నా బిళ్ళ ఇచ్చేరేమో, దురదకో ఎలర్జీకో ఏవిల్ ఇంజెక్షన్ చేసేరేమో, ఏవిల్ లాంటివి పెద్దవాళ్ళకి మతిని తికమక చేస్తాయి, పైగా మూత్రం కూడా బిగపట్టేస్తాయి. సోడియం పడిపోయిందేమో, బీపీ బిళ్ళలో నీరు పోయే మందు కలిపి ఉన్నవాళ్ళకి ఇది బాగా వస్తది, మామ్మగారు వాడే బిళ్ళ పేరు చివర హెచ్ అని ఉందేమో చూసి డాక్టర్‌కి చూపించండి. షుగర్ పడిపోయిందేమో, ఆక్సిజన్ తగ్గిందేమో, ఛాతీలో నెమ్ము చేరిందేమో. నాలుగు రోజుల్నించి విరేచనం అయ్యిందా లేదా, దీన్ని ఎవరూ అడగరు, అడిగితే చాలాసార్లు లేదనే వస్తది సమాధానం. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చేరా, చెవి మిషన్ పెట్టుకోలేదా, రాత్రంతా లైట్లు వెలుగుతూ పగలంతా కర్టెన్లు వేసి ఉన్నాయా. ఆ గైడ్‌లైన్‌లోనే స్పష్టంగా ఉంది, పెద్దమనిషికి యూరిన్‌లో బాక్టీరియా ఉండి మతి తప్పినట్టు ఉంటే, జ్వరం గానీ బీపీ పడిపోవడం గానీ మూత్రానికి సంబంధించిన బాధ గానీ లేనప్పుడు, ముందు వేరే కారణాలు వెతకమనీ, దగ్గరుండి కనిపెట్టి చూడమనీ, వెంటనే యాంటీబయాటిక్ వద్దనీ.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను, అంతర్వేది వైపు నుంచి వచ్చేరు, నెమ్ముతో జాయిన్ అయ్యి కోలుకుంటున్నారు. ఓ రోజు మధ్యాహ్నం నుంచి పైపు పీక్కోవడం, మంచం దిగిపోతాననడం, కొడుకుని తిట్టడం. యూరిన్ రిపోర్ట్‌లో పస్ సెల్స్ ఉన్నాయి కాబట్టి ఇన్ఫెక్షన్ తలకెక్కిందని వాళ్ళ బంధువులు తేల్చేసేరు, చేతులు కట్టెయ్యమని కూడా అడిగేరు. నేను దుప్పటి తీసి చూస్తే యూరిన్ ట్యూబు మంచం రెయిలింగ్ కింద నలిగిపోయి ఉంది, పొద్దుట్నించి బ్యాగులోకి చుక్క రాలేదు, పొత్తికడుపు ముట్టుకుంటే రాయిలా ఉంది. రెయిలింగ్ ఎత్తి ట్యూబు సర్దేక బ్యాగులోకి లీటరుకి దగ్గరగా వచ్చింది. సాయంత్రానికి కొడుకు పేరు పెట్టి పిలిచి కాఫీ అడిగేరు. కాబట్టి అమ్మగారిని ముందు ఈ ఒక్క పని చెయ్యమనండి, పైపు మొదలు నుంచి బ్యాగు దాకా చేత్తో తడుముతూ ఎక్కడన్నా మెలిక పడిందా నలిగిందా చూడమనండి.

ఇక నిజంగానే ఇన్ఫెక్షన్ అని ఎప్పుడు అనుకోవాలి. చలి పుట్టి వణుకు వచ్చినా, డొక్కల్లో వెనకవైపు నొప్పి ఉన్నా, పొత్తికడుపు నొక్కితే బాధపడుతున్నా, పైపు తీసేసిన మనిషికి కొత్తగా మంటా మాటిమాటికీ వెళ్ళడమూ మొదలైనా, అప్పుడు ఆ రిపోర్ట్‌కి విలువ వస్తది. జ్వరం విషయంలో పెద్దవాళ్ళు మనల్ని మోసం చేస్తారు, వాళ్ళ ఒళ్ళు మామూలుగానే కాస్త చల్లగా ఉంటది కాబట్టి 102, 103 కోసం ఎదురు చూడకూడదు, 100 దాటినా, మామూలుగా ఉండేదానికన్నా 2 డిగ్రీలు పెరిగినా జ్వరం కిందే లెక్క. ఆపరేషన్ అయిన వాళ్ళకి నొప్పికి పారాసెటమాల్ టైము ప్రకారం ఎక్కిస్తూ ఉంటారు, దాంతో జ్వరం కప్పడిపోతది, మామ్మగారికి జ్వరం లేదన్నది ఆ మందు ఇచ్చిన గంటకి చూసి చెప్పేరా ఇవ్వబోయే ముందు చూసి చెప్పేరా అని అడగండి. ఇవన్నీ ఒక ఎత్తు గానీ, బీపీ పడిపోతున్నా, ఊపిరి నిమిషానికి 22 దాటి ఆయాసంగా ఉన్నా, పిలిస్తే పలక్కుండా మగతగా పడుకున్నా, చేతులూ కాళ్ళూ చల్లబడినా, బ్యాగులోకి యూరిన్ రావడం బాగా తగ్గినా అది సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా దెబ్బతీసి ప్రాణం మీదకి తెచ్చే పరిస్థితి, కావొచ్చు, అప్పుడు కల్చర్ రిపోర్ట్ కోసం కూర్చోకూడదు, రక్తం కల్చర్ యూరిన్ కల్చర్ తీసేసి వెంటనే గంటలోపే ఇంజెక్షన్ పడాలి. నేను పైన రాసిందంతా చదివి యాంటీబయాటిక్ అంటేనే వద్దనేస్తారేమోనని ఇది గట్టిగా చెప్తున్నాను. అరిచే మనిషి కన్నా పగలంతా నిద్రపోతూ తిండి మానేసిన మనిషిని చూసి ఎక్కువ భయపడాలి, పాపం నెమ్మదిగా ఉన్నారులే అని అందరూ వదిలేస్తారు.

శాంపిల్ ఎలా తీసేరన్నది కూడా అడగాలి, ఇందులో తప్పు జరిగితే మిగతా వైద్యమంతా తప్పు దారి పడతది. బ్యాగులోంచి పట్టిన యూరిన్ కల్చర్‌కి పనికిరాదు, అక్కడ నిలవున్న దాంట్లో క్రిములు పెరిగిపోయి ఉంటాయి. పైపు మీదే చిన్న పోర్టు ఉంటది, దాన్ని స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తియ్యాలి. పైపు వేసి 2 వారాలు దాటిపోతే పాత పైపులోంచి తీసినదీ సరైంది కాదు, ఎందుకంటే పైపు లోపలి గోడకి క్రిములు జిగురులా పొర కట్టుకుని ఉంటాయి, ఆ పొరలో ఏముందో వస్తది గానీ మూత్రసంచిలో ఏముందో రాదు, అప్పుడు కొత్త పైపు వేసి దాంట్లోంచి తియ్యాలి. మొదటి డోసు యాంటీబయాటిక్ పడకముందే తియ్యాలి. తీసిన 2 గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మన వైపు చాలా చోట్ల కల్చర్ బయట ల్యాబ్‌కి పంపిస్తారు, పొద్దున్న పట్టిన డబ్బా సాయంత్రం కుర్రాడు వచ్చేదాకా టేబుల్ మీదే ఉంటది, మే నెల ఎండల్లో ఆ డబ్బాలో ఒక్క క్రిమి వేల క్రిములైపోతది. రెండు మూడు రకాల క్రిములు కలిసి వచ్చిన రిపోర్ట్ అయితే శాంపిల్ పాడై ఉండొచ్చు, మళ్ళీ తీయించండి. ఇంకోటి, పైపు ఉన్నవాళ్ళకీ యాంటీబయాటిక్స్ వాడినవాళ్ళకీ రిపోర్ట్‌లో కాండిడా అని ఫంగస్ వస్తది, చాలాసార్లు అది ఉత్తినే చేరిందే, పైపు తీస్తే పోతది, దానికి విడిగా మందు కావాలో వద్దో డాక్టర్ చూసుకుంటారు.

మందు ఇవ్వాలనే డాక్టర్ గారు నిర్ణయిస్తే, ఏ మందు అన్నది కల్చర్ రిపోర్ట్‌లోని ఎస్, ఆర్ అక్షరాల్ని బట్టి ఉంటది. ఎస్ అంటే ఆ మందుకి లొంగుతది, ఆర్ అంటే లొంగదు. మన దేశంలో ఈ.కోలై చాలావరకు సిప్రోఫ్లోక్సాసిన్‌కీ సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి వాటికీ లొంగడం మానేసింది, అందుకే మెరోపెనెమ్ లాంటి పెద్ద మందుల దాకా వెళ్తున్నారు. కానీ ఎస్ ఉన్నవాటిలో చిన్న మందు ఏదన్నా ఉంటే దాంతో సరిపోతదేమో అడగొచ్చు. ఇన్ఫెక్షన్ మూత్రసంచి వరకే ఉంటే నైట్రోఫ్యురాంటాయిన్ బిళ్ళలు, ఫాస్ఫోమైసిన్ అనే 3 గ్రాముల పొడి ఇంకా బాగానే పనిచేస్తున్నాయి, కిడ్నీ దాకా పాకితే గానీ జ్వరం చలి ఉంటే గానీ ఇవి చాలవు. కిడ్నీ సంగతి ఇక్కడే చూడాలి. 45 కిలోలుండే 78 ఏళ్ళ మనిషికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే టెస్టు) 1.2 అని వస్తే పర్లేదులే నార్మల్ పక్కనే ఉంది అనుకుంటాం, కానీ వయసూ బరువూ వేసి లెక్క కడితే కిడ్నీ వడపోత నిమిషానికి 27 మి.లీ. దగ్గర తేలుతది, 30 లోపు ఉంటే నైట్రోఫ్యురాంటాయిన్ ఇవ్వరు, ఎమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తే కిడ్నీకీ చెవికీ దెబ్బ. అందుకని మామ్మగారి బరువు ఎంతో డాక్టర్ గారికి చెప్పండి, మంచం మీదున్న మనిషిని ఎవరూ తూచి ఉండరు. సిప్రో జాతి మందులు పెద్దవాళ్ళలో షుగర్ పడేస్తాయి, మడమ వెనక ఉండే స్నాయువు (టెండన్) తెగిపోయే ప్రమాదం 60 దాటినవాళ్ళకి ఎక్కువ. సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ అయితే రక్తంలో పొటాషియం పెంచుతది, టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్ళ వేసుకునే వాళ్ళలో మరీను. ఎన్ని రోజులు అన్నది కూడా ముందే అడగండి, పైపు వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌కి మందు బాగా పనిచేస్తే 7 రోజులు చాలు, నిదానంగా తగ్గితే 10 నుంచి 14. ఆఖర్లో మళ్ళీ కల్చర్ చేసి చూడక్కర్లేదు, మనిషి బాగుంటే చాలు.

ఊళ్ళో ఉన్నప్పుడు మామ్మగారికి జ్వరమొచ్చిన ప్రతిసారీ ఆర్‌ఎంపీ గారు ఏం ఇంజెక్షన్లు చేసేరో గుర్తు చేసుకోండి, ట్యాక్సిమ్, మోనోసెఫ్, జెంటా ఇలాంటి పేర్లు ఉంటే డాక్టర్‌కి చెప్పండి. గత 3 నెలల్లో వాడిన మందుకి ఇప్పుడు క్రిమి లొంగకపోవచ్చు, ఆ ఒక్క సమాచారంతో డాక్టర్ ఎంచుకునే మందే మారిపోతది.

ఇప్పుడు పైపు. నన్నడిగితే మీ మామ్మగారి విషయంలో యాంటీబయాటిక్ కన్నా ముందు అడగాల్సింది ఇదే. పైపు ఉన్న ప్రతి ఒక్క రోజుకీ కొత్తగా బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం, అలా నెల్లాళ్ళు ఉంచితే దాదాపు అందరికీ చేరిపోతది, ఎంత శుభ్రంగా ఉంచినా సరే. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళకి వేరే కారణం లేకపోతే ఒకటి రెండు రోజుల్లో తీసెయ్యాలి. మరి ఎందుకు ఉండిపోతది అంటే, నిజం చెప్తున్నాను, ఎవరూ ఉంచాలని ఉంచరు, తియ్యమని ఎవరూ చెప్పరు. డాక్టర్ గారు సర్జరీ గాయం చూసి వెళ్ళిపోతారు, దుప్పటి కింద పైపు ఉన్న సంగతి ఆయనకి గుర్తుండదు, సిస్టర్లు ఆర్డర్ లేనిదే తియ్యరు, ఇంట్లోవాళ్ళేమో పైపు ఉంటే పక్క తడవదు, మాటిమాటికీ బెడ్‌పాన్ పెట్టక్కర్లేదు, రాత్రి కాస్త కునుకు తియ్యొచ్చు అని ఉంచమంటారు. అమ్మగారి కష్టం నాకు తెలుసు, ఒక్కరే ఆడమనిషి, కాలు కదపలేని అత్తగారిని రాత్రి నాలుగుసార్లు ఎత్తి కూర్చోబెట్టడం మాటలు కాదు. కానీ ఆ పైపు మామ్మగారిని మంచానికి కట్టేస్తది, లేవనివ్వదు, నడవనివ్వదు, నడవకపోతే నెమ్ము, పక్కపుళ్ళు, కాళ్ళల్లో రక్తం గడ్డలు. కాబట్టి రోజూ పొద్దున్న రౌండ్స్‌లో ఒక్క ప్రశ్న, "డాక్టర్ గారూ, ఈ పైపు ఇవాళ దేనికి ఉంచాలండి?" అని. మూత్రం బిగిసిపోవడం, సీరియస్‌గా ఉండి గంట గంటకీ యూరిన్ కొలవడం, వెనక పుండుకి తడి తగలకుండా చూడటం లాంటివి సరైన కారణాలే. పక్క తడుస్తది అన్నది కారణం కాదు. రాత్రికి ఓ ఆయాని పెట్టుకోవడానికి మీరు డబ్బులు పంపించండి, ఇప్పుడు మీ వంతు సాయం అదే అవుద్ది.

పైపు ఉన్నన్నాళ్ళూ బ్యాగు ఎప్పుడూ మూత్రసంచి కన్నా కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. అన్నీ బాగానే ఉండి ఎక్స్‌రేకి తీసుకెళ్ళేటప్పుడు చెడతది, స్ట్రెచర్ మీదకి మార్చగానే వార్డ్‌బాయ్ ఆ బ్యాగు తీసి పేషెంట్ పొట్ట మీదో కాళ్ళ మధ్యో పెట్టేస్తాడు, లిఫ్ట్ కోసం పది నిమిషాలు ఆగేలోపు బ్యాగులో నిలవున్నదంతా వెనక్కి లోపలికి వెళ్ళిపోతది. కదిపే ముందే బ్యాగు ఖాళీ చేయించి, స్ట్రెచర్ పక్కన కిందకి తగిలించమని అమ్మగారిని చెప్పమనండి. మూడింట రెండొంతులు నిండేసరికి ఖాళీ చెయ్యాలి, ఒక్కో పేషెంట్‌కి విడి డబ్బా, బ్యాగు మూతి డబ్బాకి తగలకూడదు, ముందూ వెనకా చేతులు కడగాలి. పైపుకీ బ్యాగుకీ ఉన్న అతుకు ఊరికే విప్పకూడదు. పాతరోజుల్లో పైపు కొస తెరిచిన సీసాలో పెట్టేవాళ్ళు, నాలుగైదు రోజుల్లో దాదాపు అందరికీ క్రిములు చేరేవి, అతుకులన్నీ మూసేసి ఉంచితే అది బాగా తగ్గుతుందని 1966లో కునిన్, మెక్‌కార్మాక్ అనే ఇద్దరు చూపించేరు, మనం ఇప్పుడు వాడే మూసిన బ్యాగు పద్ధతికి గట్టి ఆధారం అదే. బ్యాగు మార్చాలని రోజూ విప్పితే మళ్ళీ ఆ సీసా రోజులకే పోయినట్టు. పైపు చుట్టూ రోజూ స్నానంతో పాటు సబ్బూ నీళ్ళూ చాలు, బెటాడిన్‌తో తోమక్కర్లేదు. తొడకి ప్లాస్టర్‌తో అంటించి ఉంచాలి, లాగకుండా.

తీసేటప్పుడు పైపుకి క్లిప్పు పెట్టి గంటలు గంటలు అలవాటు చేస్తారు కొన్నిచోట్ల, దానివల్ల ఉపయోగం ఉందని పరిశోధనల్లో తేలలేదు, నేరుగా తీసెయ్యొచ్చు. తీసేక 6 గంటల్లోపు యూరిన్ పాస్ చేసేరా లేదా కచ్చితంగా చూడాలి. పోకపోతే, లేదా కొంచెం కొంచెం కారుతూ పొత్తికడుపు ఉబ్బితే, స్కానింగ్‌లో లోపల ఎంత మిగిలిందో చూస్తారు, అవసరమైతే ఒక్కసారి సన్న పైపు పెట్టి తీసి వెంటనే తీసేస్తారు. మలబద్ధకం ఉంటే యూరిన్ కూడా రాదు, ముందు విరేచనం చేయించండి. పడుకోబెట్టి బెడ్‌పాన్ పెడితే చాలామంది ఆడవాళ్ళకి రాదు, డాక్టర్ కూర్చోవచ్చంటే మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తది.

ఆసుపత్రి వల్లేనా అంటే, ఈ.కోలై ఎక్కడో గోడల్నుంచి రాదు, చాలావరకు మామ్మగారి సొంత పేగుల్లోదే, కింద చర్మం మీదనుంచి పైపు వెంట పైకి ఎక్కుతది. పైపు రెండు రోజులు దాటి ఉన్న మనిషికి జ్వరం లాంటి లక్షణాలతో ఇన్ఫెక్షన్ వస్తే మేము దాన్ని పైపు ఇన్ఫెక్షన్ కిందే రాస్తాం, 1000 పైపు రోజులకి (ఒక పేషెంట్‌కి ఒక రోజు పైపు ఉంటే ఒక పైపు రోజు) ఎన్ని వచ్చాయని లెక్క కట్టి ప్రతి నెలా చూస్తాం. మామ్మగారికి ఇప్పటివరకు మీరు రాసినదాన్ని బట్టి ఆ లెక్కలోకి కూడా రాకపోవచ్చు. అవసరం లేకుండా పైపు ఉంచేసి ఉంటే అది అడగాల్సిన విషయమే, కానీ డ్యూటీ సిస్టర్ మీద అరిస్తే పైపు ఊడి రాదు, సూపరింటెండెంట్ గారినో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సునో కలవండి. మతి సంగతి, కారణం దొరికి సరిచేస్తే చాలామందికి కొద్ది రోజుల్లోనే తేలిక అవుద్ది, కొందరికి వారాలు పడతది, ఇంతకుముందే మతిమరుపు ఉన్నవాళ్ళు పూర్తిగా మునుపటిలా అవ్వకపోవచ్చు. పగలు కిటికీ తెరవండి, కళ్ళజోడు పెట్టండి, ఇవాళ ఏ వారం, ఎక్కడున్నాం అన్నది నెమ్మదిగా చెప్తూ ఉండండి, తాతగారు లేరని వాదించకండి, చేతులు మాత్రం కట్టనివ్వకండి. మీ గొంతు ఫోన్‌లో రోజూ ఒకే టైముకి వినిపించండి.

ఇంటికెళ్ళేక నీళ్ళ గురించి. మన డెల్టాలో చుట్టూ కాలవలే, మన పెద్దాడవాళ్ళు తాగేది మాత్రం రోజుకి మూడు గ్లాసులు. బాత్రూం పెరట్లో చివర్న ఉంటది, చీకట్లో పాములంటే భయం, కోడల్ని లేపాలంటే మొహమాటం, అందుకని సాయంత్రం 5 దాటితే నీళ్ళు ముట్టరు. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు సముద్రం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, టిన్ను నీళ్ళు కొనుక్కోవాలి, కొన్న నీళ్ళు కాబట్టి ఇంకా పొదుపు. మామ్మగారు పడింది కూడా పెరట్లోనే అన్నారు కదా. గదిలోనే కమోడ్ కుర్చీ, దారిలో చిన్న లైటు పెట్టండి, అప్పుడు నీళ్ళు తాగమంటే తాగుతారు. గుండె, కిడ్నీ జబ్బు ఉండి డాక్టర్ నీళ్ళు తగ్గించమంటే తప్ప రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, అందులో పల్చటి మజ్జిగ, బార్లీ నీళ్ళు, చారు అన్నీ లెక్కే. కొబ్బరి బొండాల విషయంలో మాత్రం ఆగండి. మనకి చెట్టు మీద ఊరికే దొరుకుతాయి, చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టం నాలుగు పట్టుకొస్తాడు, కానీ అందులో పొటాషియం చాలా ఎక్కువ, కిడ్నీ బలహీనంగా ఉండి టెల్మిసార్టానో స్పైరనోలాక్టోనో వేసుకునే పెద్దవాళ్ళకి రోజుకి రెండు మూడు బొండాలు పట్టిస్తే గుండె లయ తప్పే దాకా వెళ్ళొచ్చు. రక్తంలో పొటాషియం చూసి డాక్టర్ సరే అంటేనే ఇవ్వండి. సిట్రాల్కా లాంటి సిరప్పులు మంట తగ్గిస్తాయేమో గానీ క్రిమిని చంపవు, అందులో సోడియం ఉంటది, గుండె జబ్బు వాళ్ళకి మంచిది కాదు. పల్లేరు కషాయం కూడా కాస్తారు మన వైపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు దాన్ని నమ్ముకుని మందు ఆపొద్దు. క్రాన్‌బెర్రీ బిళ్ళల వల్ల వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్ళకి ఉపయోగం కనపడలేదు, ఆ డబ్బులు ఆయాకి ఇవ్వండి.

మామ్మగారి షుగర్ బిళ్ళల్లో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ ఉందేమో చూడండి. గుండెకీ కిడ్నీకీ మంచి మందులే, 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ అయిపోయేక ధర తగ్గి ఊరూరా రాస్తున్నారు. అవి చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపిస్తాయి, దాంతో కింద ఫంగస్ పట్టి దురద మంట వస్తాయి, దాన్ని యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ వాడితే ఫంగస్ ఇంకా పెరుగుద్ది. మనిషి తిండి తినకుండా నీరసంగా ఉన్నప్పుడు ఆ బిళ్ళ కొన్నాళ్ళు ఆపాలి, ఇది డాక్టర్‌ని తప్పకుండా అడగండి. డైపర్ వేస్తే తడిసిన వెంటనే మార్చాలి, తుడిచేది ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి. ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే గైనకాలజీ డాక్టర్‌ని కలవండి, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకి లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ వల్ల తరచూ వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి, సిగ్గుపడి చాలామంది దీని గురించి అడగనే అడగరు.

ఒకవేళ ఎంత చూసినా యూరిన్ రాక పైపుతోనే ఇంటికి పంపించాల్సొస్తే, డిశ్చార్జ్ కాగితం మీద మూడు విషయాలు రాయించుకోండి: పైపు ఏ తేదీన వేసేరు, ఏ రకం పైపు, మళ్ళీ తీసి చూడటానికి ఏ తేదీన రావాలి. మామూలు రబ్బరు పైపు అయితే నెలలోపే మార్చాలి, పూర్తి సిలికాన్‌ది 3 నెలల దాకా ఉంచొచ్చు, మధ్యలో గసి కట్టి మూసుకుపోతే ముందే మార్చాలి. ఇంట్లో పైపు ఉంది కదా అని నెలనెలా యూరిన్ కల్చర్ చేయించకండి, ఎప్పుడు చేయించినా ఏదో ఒక క్రిమి వస్తూనే ఉంటది. జ్వరం, వణుకు, పైపు ఉన్నా యూరిన్ రాకపోవడం, రక్తం పడటం, ఉన్నట్టుండి మగత, వీటిలో ఏది కనపడినా ఊళ్ళో ఇంజెక్షన్ చేయించి చూద్దాం అనుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రేపు రౌండ్స్‌లో డాక్టర్ గారు ఏమన్నారో, సోడియం ఎంత వచ్చిందో, విరేచనం అయ్యిందో లేదో రాయండి, చూసి చెప్తాను.